గుట్ట మీద తెల్ల గుడ్డ

మా ఆఫీసు ఫోన్ గ్రూపులో ఎవరి ఫొటో కింద ఎన్ని బొటనవేళ్లు పడ్డాయో నాకు నోటికి వచ్చేది. పొద్దున లేచి పళ్లు తోముకోకముందే అదే చూసేవాణ్ణి. మండలంలోని పంచాయతీ కార్యదర్శులందరూ డ్యూటీలో ఉన్నట్టు రోజూ ఫొటో తీసి పంపాలి. ఒకరు మురికికాలువ పక్కన, ఒకరు చెత్త ట్రాక్టర్ పక్కన ముఖాలు వేలాడేసుకుని నిలబడేవాళ్లు. వాటికి ఎవరూ వేలు పెట్టరు. గుట్ట ఉన్న ఊరికి రెండేళ్ల కింద కార్యదర్శిగా వచ్చిన అమ్మాయి ఒకామె ఉంది, ఒక్క ఆమె ఫొటోకే పడేవి. జిల్లా ఆఫీసులోని పెద్ద సారు కూడా పెట్టేవాడు. ఆ కార్యదర్శులందరి మీదా మండలానికి అధికారిని నేను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. నేను ఉగాది శుభాకాంక్షలు పెడితే రెండు వేళ్లు వచ్చాయి. అందులో ఒకటి నాదే.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మీరు, నన్ను చూసి "సార్, మీ అనుభవం చెప్పుండ్రి" అంటారు. చెప్తాను. నేను చేసిన పనులు చాలావరకు ఎవరైనా చేసేవే. చెప్పాల్సిన చోట చెప్పకుండా మింగేసిన మాట ఒకటుంది. అది మాత్రం అచ్చంగా నాదే. మీకు దాని గురించి చెప్తాను.

ఆమె ఫొటోలు అంత బాగుండటానికి కారణం, ఆమె పనిచేసే ఊళ్లో సిగ్నల్ లేకపోవడం. చందూర్ దాటి కొంత దూరం పోతే కాలువ కింద వరి మళ్లు, అక్కడక్కడ మిగిలిన చెరకు, వాటి మధ్య నుంచి ఒక్కసారిగా లేచిన గుట్ట. గుట్టకు ఇటువైపు పాత ఊరు, ఊరికి ఆనుకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు. అటువైపు, గుట్ట వెనక, లంబాడీల తండా. మూడూ కలిసి ఒకే పంచాయతీ. మా దిక్కున అందమైన చోటు అంటే అదొక్కటే. వానలు పడ్డాయంటే గుట్ట నిండా సీతాఫలం చెట్లు కమ్ముకుంటాయి. ఆదివారాలు నిజామాబాద్ నుంచి జనం బండ్ల మీద వచ్చి, రాళ్ల మీద కూర్చుని, తెచ్చుకున్నవి తిని పోతారు. పెళ్లి కాబోయే జంటలు ఫొటోలు దిగుతారు.

గుట్ట సగం ఎక్కాక తండా వైపు ఒక పెద్ద బండ భుజంలాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. సిగ్నల్ దొరికేది ఆ బండ మీదే. ఆమె రోజూ పొద్దున అది ఎక్కి హాజరు ఫొటో పంపేది. వెనక ఆకాశం, కింద చెరువు, గాలికి ఎగిరే చున్నీ. వేళ్లు పడక ఏం చేస్తాయి.

ఆ బండ ఆమె ఒక్కతే ఎక్కేది కాదు. తండాలో రేషన్ బియ్యం ఇవ్వాలంటే వేలిముద్రల మిషన్ పనిచేయాలి, అది పనిచేయాలంటే సిగ్నల్ కావాలి. నెలనెలా డీలరు మిషన్ పట్టుకుని ముందు ఎక్కితే, ముసలివాళ్లు కర్రలు పట్టుకుని వెనక ఎక్కేవాళ్లు. ఒక నెల తండా పెద్ద నాయక్ తల్లి వేలిముద్ర వేసి దిగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాతే ఒక కంపెనీ గుట్ట మీద టవర్ పెడతామని పంచాయతీకి దరఖాస్తు పెట్టింది. పెడతామన్నది మాత్రం శిఖరం మీద.

ఊరు, క్యాంపు భగ్గుమన్నాయి. ఉన్న ఒక్క గుట్ట నెత్తిన ఇనుప స్తంభం పాతితే ఇక చూసేదేముంది అన్నారు. తండావాళ్లేమో, మీకు చూడ్డానికి గుట్ట కావాలి, మాకు తినడానికి బియ్యం కావాలి అన్నారు. రెండూ న్యాయమే. గడువులోగా పంచాయతీ ఏదో ఒకటి కారణాలతో తేల్చి రాయాలి. రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, కంపెనీ శిఖరం మీదే పెట్టుకుంటుంది. నేను నా అనుభవమంతా రంగరించి, "ఇది సుందరమైన ప్రాంతం గనుక తిరస్కరించవచ్చు" అని ఒక ఉత్తరం తయారుచేశాను. నాలుగు రోజుల్లో పైనుంచి తిరిగొచ్చింది. "సుందరం అనేది కారణం కాదు, వేరే చోటు చూపండి" అని ఎర్ర సిరాతో రాసుంది.

వేరే చోటు ఆమె చూపింది. రెండేళ్లుగా రోజూ ఎక్కుతున్న బండ కదా, అక్కడే పెడితే ఏమని కంపెనీ ఇంజినీరును వెంటబెట్టుకుని ఎక్కించింది. అక్కడి నుంచి తండాకు బాగా అందుతుందని, ఊరికీ క్యాంపుకూ సరిపోతుందని అతను పరీక్షించి చెప్పాడు. బండ శిఖరం కంటే చాలా కిందికి, వెనకవైపుకు ఉంది కాబట్టి ఊరివైపు నుంచి కనిపించదు. "కనిపించదని నోటితోని చెప్తే ఎవ్వలు నమ్ముతరు సార్," అంది ఆమె. "వెదురు బొంగులు ఒకదానికొకటి కట్టి, కొసకు గుడ్డ కట్టి, బండ మీద నిలబెడ్త. ఊరోళ్లు, క్యాంపోళ్లు ఎక్కడోళ్లక్కడ నిలబడి సూసి, కనవడ్తలేదని సంతకం పెడ్తరు. గదే మన కారణం."

మంచి ఆలోచన. చాలా మంచి ఆలోచన. నాకు కడుపులో పెట్రోల్ పోసి అగ్గిపుల్ల గీసినట్టయింది. ఆ రాత్రి నా భార్యకు విషయం చెబితే, "గా పిల్ల మంచిగ పనిచేస్తె మీకేం పోతది? మీ జీతంల కోసిస్తున్నరా?" అంది. ఓర్వలేనితనం జీతంలో కోతతో వచ్చేది కాదని ఆవిడకెలా చెప్పను. ముప్పై నాలుగేళ్లలో నాకు రాని ఆలోచన రెండేళ్ల సర్వీసున్న పిల్లకు వచ్చింది. దాన్ని ఆమె నాతో గౌరవంగా, నా అనుమతి అడుగుతూ చెప్పింది. పొగరుగా చెప్పి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఆమె సంగతి ఇంకొకటి చెప్పాలి. ప్రొబేషన్ ఆ నెలతో ముగుస్తుంది. ఉద్యోగం పక్కా కావాలంటే ఆమె పనితీరు మీద నా రిపోర్టు పోవాలి. నిజామాబాద్‌లో తల్లి బీడీలు చుట్టి చదివించిందట. "నౌకరి పక్కా అయితె అమ్మతోని బీడీలు మాన్పిస్త సార్, దగ్గు మస్తయింది," అని ఒకసారి నాతో అంది. నేను తలూపాను. ఆ రిపోర్టు చిత్తుప్రతి అప్పటికే నా సొరుగులో ఉంది. "అనుభవం తక్కువ, పెద్దల సలహా తీసుకోదు" అని అందులో నా చేత్తోనే రాసి పెట్టుకున్నాను.

తీర్మానం కోసం పెట్టిన గ్రామసభకు ముందు ఆదివారం. నిజామాబాద్‌లో మేముండే కంఠేశ్వర్‌లో బండి దగ్గర టమాటలు ఏరుకుంటుంటే ఆమె ఫోన్. బండ మీద నుంచి. గాలి హోరు వినిపిస్తోంది.

"సార్, ఒక్క మాట. గుడ్డ ఏ రంగుది కడ్దాం? ఎర్రది కడ్తె ఒకలది అంటరు, ఆకుపచ్చ కడ్తె ఒకలది అంటరు. కాషాయం, పసుపు, గులాబి, అన్నిటికి ఓనర్లు ఉన్నరు. తెల్లది కడ్దామనుకుంటున్న. తెలుపైతె ఎవ్వలిది కాదు గద సార్?"

చేతిలో టమాట అలాగే ఉండిపోయింది. తెలుపు ఎవరిదో నాకు తెలుసు. ఉద్యోగంలో మొదటి ఆరేళ్లు నేను ఆ తండాలోనే చేశాను. లంబాడీల గురువు జెండా తెల్లది. పండుగనాడు కొత్త గుడ్డ కట్టి, నిప్పులో నెయ్యి, బెల్లం వేసి భోగ్ పెడతారు. ఇప్పటి నాయక్ తండ్రి తన చేత్తో నాకు బెల్లం పెట్టాడు. ఏడాదిలో మిగతా రోజులు ఆ గుడ్డ ఎండకు మాసి, ఏ రంగో తెలియకుండా తండా చివర వేలాడుతుంటుంది. కొత్తవాళ్లకు తెలియదు. ఆమె చేరాక వచ్చిన రెండు పండుగలకూ ఆమెకు వేరే ఊళ్లో డ్యూటీ పడింది. ఆ డ్యూటీలు వేసింది నేనే.

ఒక్క మాట అంటే సరిపోయేది. "తెలుపొద్దు బిడ్డా, గళ్ల లుంగీ కట్టు." అది నాలిక చివరిదాకా వచ్చింది. దానితోపాటే బొటనవేళ్లూ గుర్తొచ్చాయి, ఎర్ర సిరా గుర్తొచ్చింది. కొద్దిసేపు ఊరుకున్నాను.

"సార్? సార్, వినవడ్తుందా?"

"నీ ఇష్టం బిడ్డా," అన్నాను. "సదువుకున్నదానివి, నీకు తెల్వదా."

టమాటలు తూయించుకుని ఇంటికొచ్చాను. ఎదుటివాడికి రెండు కళ్లు పోవాలని తన కన్ను ఒకటి పొడుచుకునేవాడి కథ చిన్నప్పుడు విని నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. కానీ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

సభకు ముందురోజు సాయంత్రం ఇద్దరు పంచాయతీ కార్మికులతో ఆమె బండ మీద వెదురు నిలబెట్టించింది. మరునాడు పొద్దున పది గంటలకు సభ. గడువు ఆ మరునాటితో సరి. నేను నిజామాబాద్ నుంచి తొలి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఏం జరగబోతోందో నాకొక్కడికే తెలుసు. సినిమాకు పోతున్నవాడిలా పోయాను.

ఊరి దగ్గర దిగేసరికి సభాస్థలం ఖాళీ. జనమంతా గుట్ట వెనక్కి పోయారు. నేనూ పోయాను. బండ మీద వెదురు కొసన తెల్ల గుడ్డ ఎగురుతోంది. దాని మొదట్లో నిప్పులు, నెయ్యి వాసన, బెల్లం. తండా అంతా బండ చుట్టూ కూర్చుంది. ఊరివాళ్లు, క్యాంపువాళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు. మధ్యలో ఆమె ఒక్కతే, చేతిలో తీర్మానం పుస్తకంతో. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాయక్ నెమ్మదిగానే మాట్లాడుతున్నాడు. "బిడ్డా, ఇది టవర్ కోసం కట్టిన గుడ్డని మాకు ఎర్కనే. మేం పిచ్చోళ్లం కాదు. కాని పొద్దుగాల్ల లేసి సూస్తె మా గురువు జెండ బండ మీద నిలవడ్డది. ముసలోళ్లు మొక్కిండ్రు. భోగ్ పెట్టినం. మొక్కినంక దాన్ని తీసి పక్కకు పారేసి, గా జాగల ఇనుము పాతుమంటె ఎట్ల పాతుతం? సిగ్నల్ అందరికంటె నాకే ఎక్కువ కావాలె. మా యాడి చెయ్యి సూడు."

యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. ఆ ముసలామె నాయక్ పక్కనే కూర్చుని ఉంది, విరిగిన చేతికి కట్టుతో.

చిక్కు ఎంతదో అక్కడున్న అందరికీ అర్థమైంది. బండ పోయింది. ఉన్న ఒక్క వేరే చోటూ పోయింది. రేపటితో గడువు పోతుంది, టవర్ శిఖరానికి పోతుంది. దీనంతటికీ కారణం ఆ అమ్మాయి కట్టిన గుడ్డ. నా సొరుగులోని కాగితానికి ఇక ఒక్క అక్షరం మార్చే పనిలేదు.

"నాకు తెల్వదు నాయక్," అంది ఆమె. పుస్తకం మూసేసింది. "తెలుపు ఎవ్వలిది కాదనుకున్న."

"నీకు తెల్వదు, సరే," అన్నాడు నాయక్. అప్పుడు నన్ను చూశాడు. "సార్ కు తెలుసు గద. సార్, మీరు మా తండల ఆరేండ్లు చేసిండ్రు. మా బా, మా నాయిన చేతితోని బెల్లం తిన్నరు. తెల్ల జెండ ఎవ్వలిదో బిడ్డకు చెప్పలేదా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"అడుగలే... యాది లేదు," అన్నాను. ఒకే వాక్యంలో రెండు అబద్ధాలు.

నాయక్ కోప్పడలేదు. "జెండ దిక్కు సూస్కుంట చెప్పుండ్రి సార్. దాని ముంగట మేం అబద్ధం ఆడం."

పైకి చూశాను. ఉత్త గుడ్డ. నిన్న మొన్న ఏదో బట్టల దుకాణంలో చింపిచ్చిన రెండు మీటర్ల గుడ్డ. దాన్ని చూస్తూ మళ్లీ అదే మాట అందామని నోరు తెరిచాను. రాలేదు.

"ఎర్కే," అన్నాను. "అడిగింది. నేనే చెప్పలే."

ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. ఎంతసేపు కూడినా సరిపోని కూడికలో తప్పు ఎక్కడుందో దొరికినప్పుడు చూస్తామే, అలా చూసింది. కొట్టి ఉంటే బాగుండేది.

తండా పెద్దలు వాళ్ల భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత నాయక్ చెప్పాడు. "తెల్వక చేసినోళ్లను మేం ఏమనం. తెలిసి నోరు మూసుకున్నోడే దండుగ కట్టాలె. పైసలొద్దు. జెండ ఇక్కడ ఉండుడా, ఇంకో జాగకు గౌరవంగ పోవుడా మీ పంచాయతీ చెప్పాలె. పోవాలంటె మాత్రం సారే మోయాలె. ఒక్కరే."

పెద్దలు ఏదో అనబోయేలోపే ఆమె అంది.

"పైకి. గుట్ట కొసకు." చున్నీతో కళ్లు తుడుచుకుంది, కానీ మాట తడబడలేదు. "గురువు జెండ సగం గుట్ట మీద ఎందుకు? అన్నిటికంటె పైన ఉంటె మంచిగుండదా? గురువు ఉన్న జాగల టవర్ పెడ్తమని ఇగ ఎవ్వలు అడగరు. ఈ బండ ఖాళీ అయితది."

రెండు ముక్కల్లో రెండు చిక్కులూ తీరిపోయాయి. మీతో నిజం చెప్తానన్నాను కాబట్టి చెప్తున్నాను. ఊరందరి ముందు తల దించుకుని నిలబడ్డ ఆ క్షణంలో నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. ఇది కూడా నాకెందుకు తట్టలేదు అని మండిపోయాను. నా తప్పులో నుంచి కూడా తెలివి పిండుకుంది.

నాయక్ తన తల్లి వైపు చూశాడు. ముసలామె కట్టు కట్టిన చేత్తోనే శిఖరం చూపింది. "తీస్కపోన్రి. పైకెల్లి సూస్తె ఆయనకు అందరు కనవడ్తరు." క్యాంపులోని పెద్ద రైతు ఒకాయన తువ్వాలు దులుపుకుంటూ, "రెండు మీటర్ల గుడ్డే కదండీ. ఇనప స్తంభం కంటే వెయ్యి రెట్లు నయం. మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. ఊరివాళ్లూ సరేనన్నారు.

కింది బొంగులు విప్పేసి, గుడ్డ ఉన్న పై ముక్కను నా భుజాన పెట్టారు. అప్పటికే నాకు మోకాళ్ల నొప్పులు. చెప్పులు బండ దగ్గరే విడవమన్నారు. ముళ్లు, పల్లేరుకాయలు, ఎండకు కాలిన రాయి. మూడుచోట్ల కూర్చున్నాను. కూర్చున్నప్పుడల్లా వెనక వస్తున్న జనం కూడా ఆగేవాళ్లు. ఎవరూ తొందర పెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. ఒకచోట తండా ఆడమనిషి ఎవరో చెంబుతో నీళ్లిచ్చింది. కొసకు చేరి వెదురు రాళ్ల మధ్య నిలబెట్టేసరికి నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

దిగొచ్చాక బండ మీదే సభ జరిగింది. శిఖరం మీద అనుమతి లేదు, బండ మీద ఇవ్వవచ్చు, సీతాఫలం చెట్టు ఒక్కటీ కొట్టరాదు అని ఆమె తీర్మానం రాసింది. రాస్తూ రాస్తూ తలెత్తి, "సార్, టవర్ కు ఏ రంగు వెయ్యమని రాద్దాం?" అని అడిగింది. మొదట నవ్వింది ముసలామె. తర్వాత నాయక్, తర్వాత అందరూ.

"బండ రంగు," అన్నాను వెంటనే. "వేరేది ఏదైనా ఎవ్వలిదో ఒకలది అయితది."

నాకు తెలియకుండా ఆమె ఒక ఫొటో తీసింది. వెదురు భుజాన వేసుకుని, ఉత్త కాళ్లతో, నేను గుట్ట ఎక్కుతున్న ఫొటో. బండ మీద సిగ్నల్ ఉంది కదా, అక్కడి నుంచే గ్రూపులో పెట్టింది. "సమస్య పరిష్కారంలో మా సార్" అని తప్ప ఇంకేమీ రాయలేదు. "సీనియర్లు ఇలా దగ్గరుండి నడిపిస్తే జూనియర్లు నేర్చుకుంటారు" అని పెద్ద సారు రాశాడు. ఎన్ని వేళ్లు పడ్డాయో నేను చూడలేదు. మళ్లీ అబద్ధం. చూశాను. నలభై ఒకటి. నా సర్వీసంతా ఎదురుచూసిన వేళ్లు, నేను పొందిన శిక్షకు పడ్డాయి.

సొరుగులోని కాగితం చింపేశాను. "అవసరమైనచోట సలహా అడుగుతుంది" అని కొత్త రిపోర్టు రాశాను. అంతకంటే నిజమైన వాక్యం నేను ఏ ఫైలులోనూ రాయలేదు. ఆమె ఉద్యోగం పక్కా అయింది. వాళ్లమ్మ బీడీలు చుట్టడం మానేసింది.

కొన్ని నెలలకు నా పదవీ విరమణ. సన్మానంలో ఆమె ఆ ఫొటోనే పెద్దది చేయించి, అద్దం కట్టించి ఇచ్చింది. ఇప్పుడు కంఠేశ్వర్‌లో మా ఇంటి ముందు గదిలో ఉంది. వచ్చినవాళ్లంతా ఆ వయసులో ఎంత ఓపిక సార్ మీకు అంటారు. నేను టీ పెట్టమని లోపలికి కేకేస్తాను. ఫొటో బాగా తీసింది. గుట్ట కొస, పైన ఆకాశం, అడ్డంగా ఏమీ లేదు. చూసినప్పుడల్లా ఆ బాగా తీయడం కూడా కొంచెం గుచ్చుకుంటుంది.

సన్మానం అయ్యాక దండలు తీసి సంచిలో పెట్టుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. క్షమాపణ చెప్పాలని అప్పటికి నెలల నుంచి మాటలు కూర్చుకుంటున్నాను. నేను మొదలుపెట్టేలోపే ఆమె అంది.

"ఆ దినం ఫోన్ల నేను రంగు అడిగినప్పుడు మీరు జెరసేపు మాట్లాడలే సార్. సిగ్నల్ పోయిందనుకున్న."

అంతే. నా కాళ్లకు దండం పెట్టి పోయింది. కూర్చుకున్న మాటలన్నీ దండలతోపాటు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇప్పటికీ ఏదైనా చిక్కు వస్తే ఫోన్ చేస్తుంది. నాకు తెలిసింది తెలిసినట్టు, అడిగినదానికంటే ఎక్కువే చెప్తాను. అప్పుడప్పుడు ఆమె కొత్తగా చేసిన పని ఏదో చెప్తుంటే ఆ పాత మంట లోపల మళ్లీ రాజుకుంటుంది, మాట ఆగుతుంది. అయినా ఎక్కువసేపు ఊరుకోను. బండ మీద టవర్ వచ్చాక అక్కడ సిగ్నల్ నిండుగా ఉంటోంది. నేను మాట్లాడకపోతే, మాట్లాడనిది నేనేనని ఆమెకు తెలిసిపోతుంది.